వెచ్చదనం ఎటుంటే అటు

జపాన్‌లోని సెందాయ్‌లో సాయంత్రం ఐదుకే చీకటి పడిపోయింది. పేగుల్లో బతికే కొంకిపురుగుల పిల్లలను గాజు గొట్టాల్లో పెంచే గదిలో చిజురు ఒక్కతే మిగిలింది. కళ్లు లేని ఆ పిల్లలు ఒంటి వెచ్చదనం ఎటుంటే అటు చేరతాయి. "వేలు పెట్టి చూడమ్మా, ప్రాణం ఎక్కడుందో వాటికి తెలుసు," అనేవారు కువబారా మాస్టారు. ఆయన పోయి ఇవాళ నలభై తొమ్మిదో రోజు. ఆత్మను సాగనంపడానికి అందరూ గుడికి వెళ్లారు.

"పురుగులెక్కడికీ పారిపోవులే, నువ్వు రావే," అంది గుడి దగ్గర్నుంచి తోటి ఉద్యోగిని కజుయో, ఫోన్లో.

"మాస్టారైతే చూడకుండా కదలనిచ్చేవారా? అయిపోవచ్చింది, వస్తున్నా."

భూతద్దం పెట్టి చూస్తే, ప్రతి గొట్టంలోనూ పిల్లలన్నీ ఒకే పక్కకు చేరి ఉన్నాయి, మాస్టారి ఖాళీ కుర్చీ వైపు. చివరి గొట్టం చేతిలోకి తీసుకుని, కుడివైపు గాజుకు వేలు ఆనించింది. ఒక్కటీ రాలేదు.

కాసేపటికి కుర్చీ పక్క గొట్టంలోవి కదిలాయి. తర్వాత దాని పక్కవి. ఎవరో బల్ల వెంట మెల్లగా నడిచి వస్తున్నట్టు, వరసగా అన్నీ తిరిగాయి. చేతిలో ఉన్నవి మాత్రం ఆమె ఎడమ భుజం పక్కకు, ఎవరూ లేని చోటు వైపుకు చేరి ఆగిపోయాయి.

చిజురు తల తిప్పలేదు.

"మాస్టారూ," అంది మెల్లగా, "మిమ్మల్ని పంపించడానికే వాళ్లంతా గుడికెళ్లారండీ."