మిద్దెల మీద పరుగు

ఎండాకాలం వస్తే మైదుకూరులో మా వీధంతా మిద్దెల మీదే పడుకుంటుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు కాబట్టి దొంగల భయానికి మెట్ల తలుపుకు పైనుంచి గడియ పెట్టుకుంటాం. ఆ రాత్రి నా భార్య శ్రీవాణి పాపను ఎత్తుకుని పైకి పోయింది. నేను పోయి తట్టితే గడియ తీస్తుంది.

నేను అంగడి మూసి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. కొత్త గేమ్. మిద్దె మీంచి మిద్దె మీదికి దూకుతూ పరుగెత్తాలి. పరుగెత్తేవాడి ముఖం కనపడదు, చేతులు మాత్రమే కనపడతాయి. దూకినప్పుడల్లా స్పీకర్లో దబ్బుమంటుంది. పాప లేస్తుందేమోనని స్పీకర్ ఆపేశాను.

అయినా దబ్బుమంటూనే ఉంది. ఆ చప్పుడు వీధి చివరి మిద్దెల మీంచి వస్తోంది. ఒక్క కుక్క కూడా మొరగడం లేదు.

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. తెర మీద పరుగు ఆగలేదు. చివరి చప్పుడు సరిగ్గా నా నెత్తి మీదే వినపడింది. తెరలో మా దోమతెర కనపడింది. దాన్ని మెల్లగా పైకెత్తుతున్న చేతి వేలికి నా ఉంగరం ఉంది.

పరుగున మెట్లెక్కి తలుపు బాదాను.

"శ్రీవాణీ, నేను! తలుపు తీయి!"

తలుపు అవతల ఆమె గుసగుసలాడింది, నాతో కాదు.

"ఎవురో అచ్చం మీ గొంతుతోనే పిలుస్తాండారు. మీరు లేయొద్దండీ, పాప పక్కనే పండుకోండి."