ఇంజను ఆపొద్దు

"ముందు ఇంజను స్టార్ట్ చెయ్యి. ఆ తరవాతే నేను ప్లగ్గు పెడతాను" అన్నాడు ఫణీంద్ర.

సుమ బటన్ నొక్కింది. "అయింది బావా, పెట్టుకో."

ఫణీంద్ర కారు సాకెట్‌లో ఇన్వర్టర్ గుచ్చి, దానికి లాప్‌టాప్ వైరు తగిలించాడు. తెర మీద ఛార్జింగ్ గుర్తు వెలిగాక గానీ కారుని విశాఖపట్నంలోంచి కదలనివ్వలేదు.

ఫణీంద్ర ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో పనిచేస్తున్నాడు. బండి నడపడం రాదు. నడిపేవాళ్లకి సలహాలివ్వడం మాత్రం బాగా వచ్చు. అందుకే వాహనాల సేఫ్టీ మేనేజర్ పోస్టుకి తనని మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం కంపెనీకి కూడా కలగాలిగా? ఆ ఇంటర్వ్యూ ఇవాళే, ఆన్‌లైన్‌లో. ఇది పోతే నిన్నటిదాకా తనకి టీ తెచ్చిన జూనియర్‌ని రేపట్నుంచి సార్ అని పిలవాలి. ఆ ఊహకే అతనికి రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కంగారులో లాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయాడు. సేఫ్టీ నిపుణులకి ఇలాంటి చిల్లర విషయాలు గుర్తుండవు.

సుమ అతని మరదలు. అరకు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. కొత్తగా కారు కొని, అక్కనీ బావనీ అమ్మనీ తన క్వార్టర్స్‌కి తీసుకెళ్తోంది. కారు బాగుందని ఇంతవరకూ బావ ఒక్క మాటన్నా అనలేదు. కొనే ముందు తనని అడగలేదని మాత్రం అన్నాడు.

పెందుర్తి దాటకుండానే ఏసీ కట్టేయించాడు. ఏసీ వేస్తే ఇంజను మీద లోడు పడుతుందట, అది లాప్‌టాప్‌కి మంచిది కాదట. వెనక సీట్లో అత్తగారు రత్నాలు పమిటచెంగుతో విసురుకుంటూ, కారులో ఏసీ ఎందుకు దండగ అని అల్లుడికి వంత పాడింది. సుమ అక్క అనురాధ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటానంటే మొగుడు వినిపించుకోలేదు. లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుంటే వేడెక్కుతుందని సున్నుండల పళ్లెం ఖాళీ చేయించి దాని మీద పెట్టాడు. సున్నుండలు అత్తగారి ఒళ్లోకి చేరాయి.

శృంగవరపుకోటలో టీకి ఆగుదామంది అనురాధ. ఆగితే ఇంజను ఆపుతారనీ, ఆపితే ఛార్జింగ్ పోతుందనీ ఫణీంద్ర ఒప్పుకోలేదు. తరవాత మరదలికి పాఠం మొదలుపెట్టాడు.

"ఇంజను తిరిగితే ఆల్టర్నేటర్ తిరుగుతుంది. అది తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతోనే నా లాప్‌టాప్ బతుకుతోంది. ఇవన్నీ మీ ఫిజిక్స్ పుస్తకాల్లో ఉండవులే."

"ఉంటాయి బావా. కానీ ఈ బండికి..."

వెనకనించి రత్నాలు కూతురి భుజం గిల్లింది. "నువ్వూరుకోయే గుంటా. అల్లుడుగోరు సెప్తన్నారు గదా, బుద్దిగా ఇను."

సుమ రోడ్డు మీదికి చూపు తిప్పుకుంది. వాళ్ల ఇంట్లో అంతే. కొత్తల్లుడు ఉప్పుని పంచదార అంటే పాయసంలో వేసుకుని తాగేస్తారు. ఎదురు మాత్రం చెప్పరు.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు సుమ మళ్లీ నోరు తెరవబోయింది. ఈసారి తల్లి గిల్లకుండానే అక్క కళ్లతో వారించింది. పెళ్లయి ఏడాది కాలేదు, ఆయన చిన్నబుచ్చుకుంటే సర్దిచెప్పుకోవాల్సింది తను కదా.

అనంతగిరి దాటాక కాఫీ తోటల దగ్గర ఒక మలుపులో సిగ్నల్ దొరికింది. సుమ కారుని రోడ్డు పక్కన నిలిపింది.

"ఇంజను ఆపొద్దు" అన్నాడు ఫణీంద్ర. ఇన్వర్టర్‌ని ఒక చేత్తో అదిమి పట్టుకున్నాడు. పాపం, అంతటి నిపుణుడికీ భయం ఉంటుంది.

"ఆఫ్ చెయ్యన్లే బావా."

తెర మీద ముగ్గురు కంపెనీ పెద్దలు ప్రత్యక్షమయ్యారు. ఎక్కడున్నారని అడిగారు. ఫణీంద్రకి కావలసిందీ అదే. అరకు కొండల్లో, కారులో, సురక్షితంగా లాప్‌టాప్ ఛార్జ్ చేసుకుంటూ ఉన్నానని చెప్పి, పాఠం మొత్తం మళ్లీ అప్పజెప్పాడు. పెద్దలు తలలూపారు. ఇంజను కండిషన్‌లో లేకపోతే లాప్‌టాప్‌కి ప్రమాదం కదా అని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు.

ఫణీంద్ర కిందికి దిగి, వైరు అందినంత మేర లాప్‌టాప్‌ని బానెట్ వైపు చాచి పట్టుకున్నాడు. "మీరే వినండి సర్."

పెద్దలు ముగ్గురూ కళ్లు మూసుకుని విన్నారు.

"ముప్ఫై ఏళ్లుగా బండ్లు చూస్తున్నా" అన్నాడు అందరికంటే పెద్దాయన, కళ్లు తెరిచి. "ఇంత సైలెంట్ ఇంజను ఎరగను. మెయింటెనెన్స్ అంటే ఇదండీ. ఆ పోస్టు మీదే అనుకోండి."

ఫణీంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. అనురాధ అతని చెయ్యి పట్టుకుంది. రత్నాలు సున్నుండ తీసి అల్లుడి నోట్లో పెట్టి, తన సెల్లు తీసి సాలూరులో ఉన్న చుట్టాలందరికీ ఆ కబురు బేగి చేరవేసింది. సుమ కూడా మనస్ఫూర్తిగా అభినందనలు చెప్పింది. మిగతా దారంతా ఫణీంద్ర కంపెనీలో ఏయే బండిని ఎలా దారిలో పెట్టబోతున్నాడో వర్ణించాడు.

అరకులో క్వార్టర్స్ ముందు కారు ఆగింది. ఫణీంద్ర ముందు లాప్‌టాప్ వైరు తీశాడు. తరవాత ఇన్వర్టర్ తీశాడు. ఆ వరస తప్పకూడదని మరదలికి మరోసారి చెప్పాడు.

"ఇప్పుడు ఆపనా బావా?"

"ఇప్పుడు ఆపు" అని అనుమతించాడు సేఫ్టీ మేనేజర్.

సుమ దిగి, వరండా గోడకున్న ప్లగ్గు దగ్గర్నుంచి లావుపాటి కేబుల్ లాక్కొచ్చి, ఇంజనన్నదే లేని తన ఎలక్ట్రిక్ కారుని ఛార్జింగ్‌కి పెట్టింది.