సెన్యోరా గౌను

"ఆ యూనిఫాం తీసేసి ఇది వేసుకో," అంది ఇంటావిడ లొరైన్, తన ఆకుపచ్చ పట్టు గౌను మంచం మీదికి విసురుతూ.

పనిమనిషి డొమితీలా దుమ్ము తుడిచే గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేనా సెన్యోరా?"

"ఇంకెవరున్నారిక్కడ? నా ఎత్తూ, నా ఒళ్లూ నీకే ఉన్నాయి. తలకి ఈ స్కార్ఫ్ కట్టుకో. నల్ల కళ్లద్దాలు పెట్టుకో. నా కారు తీసుకుని కొండ దిగి, బెవర్లీ హిల్స్‌లో నా సెలూన్ దాకా వెళ్లి రా. పదకొండింటికి బయల్దేరాలి."

"నా బట్టల్లోనే వెళ్తాను సెన్యోరా."

"నువ్వీ దేశంలో ఉండటానికి రెసిడెన్సీ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఎవరు?"

డొమితీలా గౌను అందుకుంది.

వంటింట్లో వంటామె ఎల్పీదియా ఆమెను చూసి, పెనం మీద రొట్టె తిప్పడం మర్చిపోయింది.

"అయ్యో తల్లీ! సీరియల్లో కోటీశ్వరురాలిలా ఉన్నావు! ఎవరిదే ఆ గౌను?"

"ఆవిడే ఇచ్చింది. కారు కూడా ఇచ్చింది."

వంటామె నవ్వు ఆగిపోయింది. స్టవ్ కట్టేసి దగ్గరికొచ్చింది. "పదేళ్లుగా చూస్తున్నాను. పాత చెప్పులు కూడా మనకివ్వదు, చెత్తలో పడేస్తుంది. నువ్వు గేటు దాటగానే పోలీసులకి ఫోన్ చేసి, కారు ఎత్తుకుపోయింది అంటే? నీ మాట ఎవడు నమ్ముతాడే?"

"ఏం చేయమంటావక్కా? నన్ను దేశం నుంచి పంపించేస్తే నా కూతురేమైపోతుంది?"

ఎల్పీదియా ఆమె నుదుటి మీద శిలువ గుర్తు వేసింది.

గ్యారేజీలో డొమితీలా కారు అద్దం దించుకుని కూర్చుంది. తాళంచెవి పెట్టి తిప్పింది. ఇంజను మొదలైంది. అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు.

ఇంటాయన ప్రెస్టన్. భోజనాల బల్ల దగ్గర కూడా భార్యతో మాట్లాడి ఏడాదైన మనిషి. ఇవాళ నవ్వుతూ వచ్చాడు. కారు వెనకే నిలబడి, ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు.

"వెళ్తున్నావా డియర్? జాగ్రత్త. కిందికి వెళ్లే మలుపులు మంచివి కావు."

చెయ్యి ఊపాడు.

అలవాటుకొద్దీ డొమితీలా నోట్లోంచి మాట జారిపోయింది. "అలాగే సార్."

ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ప్రెస్టన్ పరుగున వచ్చి తలుపు లాగి, ఆమె తల మీది స్కార్ఫ్ పీకేశాడు. అతని ముఖం తెల్లగా పాలిపోయింది.

"దిగు! ముందు దిగు! ఇంజను ఆపెయ్! ఈ కారుకి బ్రేకుల్లేవు!"

డొమితీలా దిగబోయి సిమెంటు నేల మీద పడిపోయింది.

"బ్రేకుల్లేవని నీకెలా తెలుసు ప్రెస్టన్?"

లొరైన్ మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో ఫోను. అంతా రికార్డవుతోంది.

"కార్లో ఉన్నది నేనే అనుకున్నంతసేపూ చెయ్యి ఊపావు," అందామె. "పనిమనిషని తెలిశాక దిగమన్నావు."

ప్రెస్టన్ గోడకి చేరగిలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

డొమితీలా మెల్లిగా లేచింది. మోకాళ్లు గీసుకుపోయి రక్తం వస్తోంది. కళ్లద్దాలు తీసి లొరైన్ వైపు చూసింది.

"మీకు ముందే తెలుసా సెన్యోరా?"

"అనుమానం ఉంది. కోర్టుకి అనుమానం చాలదు కదా, రుజువు కావాలి."

"మరి... సార్ నన్ను పోల్చుకోకపోయి ఉంటే? నేను ఆ మలుపుల దాకా వెళ్లిపోయి ఉంటే?"

లొరైన్ ఫోను ఆపి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇంకా గట్టి రుజువు దొరికేది."