మంగళవారం తొట్టి తనిఖీ

“ఆగమ్మక్కా, బల్దియా!”

ఆ కేక కోసం ఆగమ్మ పొద్దుటి నుంచి చెవులు రిక్కించుకుని కూర్చుంది. భర్త పోయాక కిషన్‌బాగ్‌లోని ఆ ఇంటి గడప తొక్కే మనిషి ఇస్సాకు ఒక్కడే. అదీ బల్దియాలో, అంటే మున్సిపాలిటీ దోమల శాఖలో ఉద్యోగం కాబట్టి.

“రా తమ్మీ. పెరట్లకు నువ్వే పో. నేను చాయ్ పెడుత.”

పొడుగు కాడ గరిటె, మందు డబ్బా పట్టుకుని ఇస్సాకు గుమ్మంలోనే ఆగాడు.

“జల్ది ఏం లేదక్కా, మెల్లగ మరగనియ్. మా ఆమె పోయిన కాన్నుంచి ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. ఏడాదాయె.”

పెరట్లో నీళ్లతొట్టి ఉంది. అందులో దోమపురుగు కనబడితే మళ్లీ వారం తనిఖీకి రావాలి. కనబడకపోతే మూడు నెలల దాకా రానక్కర్లేదు. బల్దియా పద్ధతి అది. ఏడాదిగా ప్రతి మంగళవారం పురుగు దొరుకుతూనే ఉంది. ఆగమ్మకు చూపు సరిగా ఆనదు. ఇస్సాకు గరిటె చూపించి “ఇగో, ఎట్ల ఆడుతున్నయో సూడు” అని కోప్పడితే తలూపేది. మూత వేయమన్నా మరిచిపోయినట్టు నటించేది. మూత వేస్తే పురుగుండదు. పురుగు లేకపోతే మంగళవారమే ఉండదు.

కానీ మొన్న పక్కింటి రాజమణి బిడ్డకు చలిజ్వరం వచ్చింది.

“నా తొట్టి దోమనే కుట్టిందా తమ్మీ?” పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

“ఏ దోమనో ఎవలకెర్క? బయట మురికి మోరీ లేదా? ఫికర్ చెయ్యకు, పిల్లకు గోలీలిచ్చే వస్తున్న.”

ఫికర్ చేయకుండా ఎలా ఉంటుంది? తన ఒంటరితనానికి పసిపిల్ల ఒళ్లు కాలాలా అని ఆగమ్మకు సిగ్గేసింది. అందుకే చేయాల్సిన పని నిన్ననే చేసేసింది. సున్నం తగిలిన అరచేతులు ఇంకా మండుతున్నాయి. చాయ్‌లో చక్కెర కాస్త ఎక్కువే వేసింది. మళ్లీ మూడు నెలల దాకా రెండో కప్పు కలిపే పని ఉండదు.

ఇస్సాకు పెరట్లోకి వెళ్లాడు.

“ఏమాయె తమ్మీ?” కప్పుల్లో చాయ్ వంచుతూ అడిగింది.

“ఉన్నయక్కా. మస్తున్నయ్.”

తిరిగొచ్చి, ఆమె ముఖం చూడకుండా చాయ్ తాగాడు. గుమ్మం పక్క గోడ మీద సుద్దతో వచ్చే మంగళవారం తేదీ రాసి వెళ్లిపోయాడు.

ఆగమ్మ పెరట్లోకి నడిచి తొట్టిలో చెయ్యి పెట్టి తడిమి చూసింది. వేళ్లకు పొడి సున్నమే అంటింది.

అందులో నిన్నటి నుంచి చుక్క నీరు లేదు.