మంచినీళ్ళ రశీదు

బియ్యం బస్తా ఎత్తడానికి మా ఆడపడుచు పైడమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. అంతే, దుకాణం తలుపులు మూసుకుపోయాయి. మనిషన్నవాడు లేని దుకాణమది. నడుము దగ్గరికి చెయ్యి వెళితే సరుకు దాచినట్టేనని దానికి ఎవరో నేర్పారు. కొంగు దోపి బరువెత్తే ఆడదాన్ని ఎన్నడూ చూడని మారాజులే నేర్పి ఉంటారు.

అనుమానం వచ్చినవాళ్ళను మర్యాదగా ఆపాలని కొత్త చట్టం. ఆ మర్యాదకేం లోటు చెయ్యలేదు. గోడలోంచి కుర్చీ వచ్చింది, గ్లాసుతో చల్లటి నీళ్ళు వచ్చాయి.

"పైడమ్మగారూ, నీళ్ళు అందినట్టు తెరమీద వేలిముద్ర వేసి వెళ్ళండి" అంది తియ్యటి గొంతొకటి.

"ఎంత మర్యాదో సూడొదినా!" అంటూ పైడమ్మ బొటనవేలు చాచింది.

చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. అరవయ్యో ఏట నేర్చుకున్న అక్షరాలు నావి. తెరమీదున్నది కూడబలుక్కుంటూ పైకే చదివాను.

"దొం...గ...త...నం ఒప్పుకుంటున్నాను."

"ఓలమ్మో! మన ఈది గౌరమ్మ కూడా ఇలగే నీల్లు తాగీసింది గావాల! అందుకే ఏ కొట్టూ దానికి తలుపు తియ్యట్లేదు!"

గొంతు ఇంకాస్త తియ్యగా పలికింది. "క్షమించండి. చదవగలిగినవారికి వేరే కాగితం ఉంది."

తెర మారింది. అదీ చదివాను. "మా సరుకులన్నీ అలమారల్లోనే ఉన్నాయి. మీరు వెళ్ళవచ్చు."

తలుపులు తెరుచుకున్నాయి. పైడమ్మ గ్లాసుడు నీళ్ళూ కుర్చీలో పోసి, కొంగు మళ్ళీ బొడ్లో దోపుకుంది.

"రేపు గౌరమ్మని ఎంటబెట్టుకొద్దుం, ఒదినా. దాని కాయితం కూడా సదివీ."