అడిగి తెచ్చిన నెమరు

“అన్నం మీద అంత పానముంటే నువ్వే తినకపోయినవ్. బర్రెకెందుకు పోసినవ్?” యాదలక్ష్మి గడ్డిమోపును కాలితో తన్నింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటా వార్పు పెట్టి, నడిరోడ్డు మీద వండిన అన్నం మిగిలితే, పారేయడం పాపమని బకెట్లతో తెచ్చి బర్రె ముందు కుమ్మరించింది ఆమె మొగుడు సైదులే. ఆ తెల్లారి నుంచి అది నెమరు వేయడం మానేసింది. ఎడమ డొక్క ఉబ్బి బిగిసింది. ఇంట్లో పొయ్యి వెలిగేదే దాని పాలమీద.

పశువుల దవాఖానకు తాళం. సకల జనుల సమ్మె కదా. దగ్గరుండి ఆ తాళం వేయించిందీ సైదులే. పచ్చిజొన్న తెచ్చే అబ్దుల్లాపూర్‌మెట్ ఆటో రావడం లేదు. హైవే మీద బండ్లు ఆపుతున్నదెవరో వేరే చెప్పాలా?

సమ్మెలో ఉన్న డాక్టర్ విజయశ్రీకి ఫోను కొట్టి జరిగింది చెప్పాడు.

“మేడం, పచ్చిగడ్డి ఎట్లన్న జేసి తెప్పిస్త. తింటే లేస్తదా?”

“ఏ గడ్డి పెట్టినా అరగదు సైదులూ. గడ్డిల పీచును అరిగించేది బర్రె కాదు, దాని కడుపుల ఉండే సూక్ష్మజీవులు. నువ్వు పోసిన అన్నం పులిసి వాటిని చంపేసింది.”

“మందు చెప్పుండ్రి మరి.”

“తినే సోడా నీళ్లల్ల కలిపి తాపు, పులుపు విరుగుతది. పోయిన జీవాలు మాత్రం మందుకు రావు. మంచిగున్న బర్రె నోట్లకెళ్లి నెమరు ముద్దలు తీసి, గోరువెచ్చని నీళ్లల్ల పిసికి దీనికి తాపు. వాటి సంతతే దీని కడుపుల మళ్ల పెరుగుతది. రేపటిదాక ఆగకు.”

ఫోను పెట్టేసి పెళ్లాం వైపు చూశాడు. “మంచిగున్న బర్రె ఎవరికున్నది?”

“ఎవరికున్నదో నీకెరుకే.”

ఎరుకే. వెనక గల్లీ గంగాధరరావుకు. విజయవాడ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మొన్ననే అతని గేటు ముందు నిలబడి ‘ఆంధ్రా పెత్తనం నశించాలి’ అని సైదులు గొంతు చించుకున్నాడు.

“వాని గడప నేను తొక్కాల్నా? నువ్వు పో.”

“అన్నం పోసింది నేనా?”

“వాళ్ల ఎంగిలి మన బర్రె కడుపులకా? పానం పోయినా వద్దు.”

“పోయేది నీ పానం గాదుగద. దాన్నడిగి చెప్పు.”

బర్రె తల నేలకు వాల్చింది. ఢిల్లీ మెడలు వంచుతానని మైకులో అరిచేవాడికి ఇంట్లో బర్రె మెడ ఎత్తడం చేతకాలేదు. పళ్లు కొరుక్కుంటూ చెంబు పట్టుకుని బయలుదేరాడు.

గంగాధరరావు కొట్టం ఊడుస్తున్నాడు. సైదులు సంగతి చెప్పి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు.

“పలుపు పట్టుకోవయ్యా,” అన్నాడు గంగాధరరావు.

గేదె ముద్ద పైకి తెచ్చుకోగానే దవడ పట్టి, నోట్లో చెయ్యి పెట్టి లాగేశాడు. మళ్లీ ముద్ద వచ్చేదాకా ఇద్దరూ కాచుకున్నారు. తిట్టినా బాగుండేదనిపించింది సైదులుకు.

“ఏదన్న అనుండ్రి సారూ. మొన్న మీ గేటు కాడ…”

“విన్నాంలే. మా ఆవిడ వేదవతి టీవీ సౌండు పెంచుకుంది.”

“పెద్ద సాయం చేసిండ్రు.”

“ఇందులో సాయమేముంది? చల్లారిపోకముందే తీసుకెళ్లు.”

ఆ మాట సైదులుకు చురుక్కుమంది. సాయం చేసి, చేయలేదనడం కూడా పెత్తనమే అనుకుంటూ ఇంటికొచ్చాడు. సోడా నీళ్లు తాపారు, నెమరు నీళ్లు తాపారు. తెల్లారేసరికి బర్రె గట్టిగా త్రేన్చింది. కాసేపటికి దవడ ఆడించింది. యాదలక్ష్మి దాని మెడ నిమిరింది.

సైదులు మాత్రం గోడకు చేరగిలి కూలబడ్డాడు.

“ఇగ టెంటుల ఏ మొకం పెట్టుకొని మైకు పట్టాలె? మా తిండి మేం తింటమని ఊరంతా చెప్పిన. మన బర్రె గడ్డి అరిగించుకునేది ఆంధ్రోడి దానంతోని. జిందగీల ఆయన ముందు తలెత్తలేను.”

యాదలక్ష్మి గడ్డి ముందుకు తోస్తూ తలతిప్పకుండా అంది.

“నీకు చెప్పలే గని, పోయినేడు వాళ్ల బర్రె ఇట్లనే పడితే, నెమరిచ్చింది మన బర్రెనే.”