సీసాకు సీసా

ఇనుప రాడ్డు మొదటి దెబ్బకే పెద్ద జాడీ పగిలింది. మూడు నెలలుగా పులుస్తున్న నిమ్మతొక్కల నీళ్ళు రేకుల షెడ్డు గడప దాటి వీధిలోకి పారాయి. పుల్లటి వాసన గుప్పుమంది.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఎన్నిసార్లు?"

యాసిడ్ బాబాయ్ రెండో జాడీ మీదికి రాడ్డెత్తాడు. తొక్కల పిన్ని అడ్డం వెళ్ళింది. జాడీకి తగలాల్సిన దెబ్బ ఆమె భుజానికి తగిలింది. కింద పడ్డ పెంకుల మీద అరచేయి ఆనింది. పారుతున్న పసుపు నీళ్ళలో ఎర్రటి చార కలిసింది.

ఇద్దరికీ ఆ పేర్లు వీధి పెట్టినవే. అతను పదేళ్ళుగా తోపుడుబండి మీద యాసిడ్ అమ్ముతున్నాడు. పాత కూల్‌డ్రింక్ సీసాలు ఏరి, కడిగి, వాటిలో నింపి ఇస్తాడు. ఒక్క మూత పోస్తే చాలు, ఎంత మొండి బాత్రూమైనా తెల్లబడాల్సిందే.

ఆమె అయిదు నెలల కిందట జ్యూస్ కొట్టు వెనక షెడ్డులో చేరింది. కొట్టువాడు పారేసే నిమ్మ, బత్తాయి తొక్కలు ఏరుకుంటుంది. ఇంత బెల్లం ముక్క, సరిపడా నీళ్ళు. మూతపెట్టి, రోజూ ఒకసారి గాలి వదిలి, మూడు నెలలు ఓపిక పడుతుంది. బాత్రూములకు ఆ పులిసిన నీళ్ళు. బట్టలకు కుంకుడు రసం. అంట్లకు జల్లించిన బూడిద.

పైసా తీసుకోదు. ఒకటే షరతు. ఇంట్లో ఉన్న యాసిడ్ సీసా తెచ్చివ్వాలి. నిండుదైనా సరే, అడుగున గుక్కెడున్నా సరే. దాన్ని వెనక సున్నపు గుంటలో వంపి, ఖాళీ సీసాను కాలికింద వేసి నలిపి, అప్పుడు తన సీసా చేతికిస్తుంది.

"తొక్కలో బేరం," అని మొదట్లో అందరూ నవ్వారు. ఖర్చు లేదని తేలాక నవ్వడం మానేశారు.

"మరక తొందరగా వదలట్లేదు పిన్నీ," అని ఎవరైనా వస్తే, "రెండుసార్లు రుద్దవే. చెయ్యేం అరిగిపోదు," అనేది.

బాబాయ్ బండి దగ్గర జనం పలచబడ్డారు. అయినా ఆమెకు చాలలేదు. పోయిన వారం బండి వీధి మలుపు తిరగ్గానే ఎదురెళ్ళి, రెండు చేతులా ఎత్తి బోల్తా కొట్టించింది. మూతలూడి ఒలికిన యాసిడ్‌కి సిమెంటు రోడ్డు బుసబుసా పొంగింది. అతని ఎడమ పాదం మీద చర్మం ఊడొచ్చింది.

ఇవాళ ఆ పాదానికి గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ, రాడ్డుతో వచ్చాడు.

రెండో జాడీ పగిలింది. మూడోదీ పగిలింది. ఆమె లేచి, తొక్కలు కలిపే కర్ర తెడ్డు అందుకుని, గురిచూసి ఆ గుడ్డ చుట్టిన పాదం మీదే కొట్టింది. అతను గావుకేక పెట్టాడు. జుట్టు దొరకబుచ్చుకుని ఆమె తల రేకుకేసి కొట్టాడు. షెడ్డంతా గణగణమంది. ఆమె అతని మణికట్టు కొరికి వదల్లేదు.

ఎదురు కొట్టు దర్జీ కత్తెర పడేసి లేచాడు.

"కూర్చో నాయనా," అంది పై వాటాలో ఉండే మామ్మ, మెట్ల మీంచే. "అది మనం తీర్చే తగువు కాదు."

"చంపుకునేలా ఉన్నారు మామ్మా!"

"ఉంటే ఉన్నారు. కూర్చో."

అతను చెయ్యి విదిలించుకున్నాడు. రొప్పుతున్నాడు.

"ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఈ బండి తిరక్కపోతే ఎక్కణ్ణించి తేను? బిచ్చమెత్తనా?"

"బండి తిప్పుకో. చీపుళ్ళమ్ము, బకెట్లమ్ము. ఆ ఒక్కటీ వద్దు."

"ఆ ఒక్కదాని మీదే నాకేమైనా మిగిలేది!"

"నాకేం మిగిలింది?"

రాడ్డు గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత నాలుగో జాడీ మీద పడింది.

ఎవరు పిలిచారో, కానిస్టేబుల్ వచ్చాడు. పెంకుల మధ్య బూట్లు చూసి చూసి వేస్తూ ఆమె ముందు నిలబడ్డాడు.

"చెయ్యెలా తెగింది?"

"పెంకు గుచ్చుకుంది."

"దానంతటదే ఎగిరొచ్చి గుచ్చుకుందా?"

"జాడీ జారింది. పడ్డాను."

"నాలుగు జాడీలూ జారాయా?"

ఆమె చీపురు అందుకుంది. కానిస్టేబుల్ బాబాయ్ వైపు తిరిగాడు.

"నీ కాలు?"

"నా చేతిలోంచే ఒలికింది సార్."

"మణికట్టు మీద ఆ పళ్ళ గాట్లు కూడా ఒలికినవేనా?"

అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"కేసులొద్దు, ఏమొద్దు. సరిపోయారు ఇద్దరూ," అని కానిస్టేబుల్ పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "ఇంకోసారి ఫోనొస్తే ఇద్దరినీ లోపలేస్తాను."

అతను రాడ్డు బండి మీద పడేశాడు. సీసాలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి.

"రేపూ వస్తాను," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"రా. నేనూ ఉంటాను."

బండి కుంటుతూ మలుపు తిరిగింది. ఆమె పెంకులు ఊడ్చింది. మూలన ఒక చిన్న జాడీ మిగిలింది. పక్కింటి కోడలు భయపడుతూ వచ్చి, సగం నిండిన యాసిడ్ సీసా అందించింది. పిన్ని దాన్ని గుంటలో వంపి, నెత్తురు అంటకుండా ఎడమచేత్తో తన సీసా నింపి ఇచ్చింది.

సాయంత్రం, వాళ్ళిద్దరూ కాపురముండే ఒంటిగదిలో, అయిదు నెలల కిందట కూల్‌డ్రింక్ అనుకుని నాన్న బండి మీది సీసా ఎత్తి తాగిన ఆరేళ్ళ కూతురి పొట్టలోకి వెళ్ళే గొట్టాన్ని అతను ఎత్తి పట్టుకుంటే, ఆమె కట్టు కట్టిన చేత్తో కొద్దికొద్దిగా గంజి పోసింది.